మొదటి సూది

మారేడ్‌పల్లి లేబొరేటరీలో డాక్టర్ జకర్యా మైక్రోస్కోపు మీద తల వాల్చి కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. వీపులో కత్తి లేకపోతే ఎవరూ లేపేవారు కాదు.

ఏజెంట్ యెషయా శవాన్ని చూశాడు. ఏమీ అనిపించలేదు. ఎనిమిది నెలల కిందట కూతురు ఎమిలీ కలరాతో పోయింది. మందు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. అప్పటినుంచీ అతనికి ఏదీ అనిపించడం లేదు. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. తింటున్నాడు, గడ్డం గీసుకుంటున్నాడు, చెప్పిన పని చేస్తున్నాడు. ఇంతకంటే పనికొచ్చే ఏజెంటు ఎక్కడ దొరుకుతాడు చెప్పండి!

గోడ గడియారం పది కొట్టింది. చీఫ్ మధుసూదన్ తలుపు మూశాడు.

"మన ఆరోగ్య సంస్థకు మూడు చేతులు. ఎక్కడ ఎందరు ఏ రోగంతో పోయారో ఒకటి వారం వారం ఢిల్లీకి టెలిగ్రాం కొడుతుంది. రెండోది మందు పరీక్షిస్తుంది. మూడోది సూది వేస్తుంది. నువ్వు నాలుగో చెయ్యి. ఏ కాగితంలోనూ ఉండవు. నువ్వు గెలిస్తే టెలిగ్రాంలో సున్నా ఉంటుంది, అంతే."

"తెలుసు సార్. విషయం చెప్పండి."

"కలరా మందంటే చంపిన కలరా క్రిములే. ఈ బ్యాచ్‌లో అవి బతికే ఉన్నాయని జకర్యా నోట్‌బుక్‌లో రాశాడు. అంతలో పొడిచేశారు. బ్యాచ్ మౌలాలి శరణార్థుల క్యాంపుకు వెళ్ళిపోయింది. సూదులు పదకొండింటికి. అక్కడ ఫోన్ లేదు."

"ఎవరి పని?"

"నార్త్‌స్టార్. ఇక్కడ దొంగ తుపాకులు అమ్మిన విదేశీ ముఠా. పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసేసరికి వాళ్ళ గిరాకీ పడిపోయింది. మళ్ళీ గొడవలు కావాలి. సర్కారు సూదితో జనం చచ్చారంటే చాలు. అందుకే నువ్వు కేక వెయ్యకూడదు. మాట పొక్కిందా, ఇక ఒక్కరూ చెయ్యి చాపరు. వాళ్ళు కూర్చున్నచోటే గెలుస్తారు."

"క్యాంపులో మనవాళ్ళెవరు?"

"నర్సు మేబెల్. ముఠాలో మనం పెట్టిన మనిషి. కోడ్ నీకు తెలుసు."

మేబెల్ కూడా తెలుసు. ఎమిలీ చివరి రెండు రోజులూ మంచం పక్కనుంచి లేవకుండా కూర్చున్నది ఆమే.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఖాకీ బట్టలు, టోపీ, అతికించిన మీసం. జేబులో పెన్ను. పెన్నులో థర్మామీటర్. జీపు మౌలాలి చేరేసరికి పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువ.

క్యూలో అందరికంటే ముందు జాన్ బీ, ఆమె మనవరాలు అమీనా. తెల్ల యూనిఫాంలో మేబెల్‌ని చూస్తే ఎవరైనా సినిమా తార అనుకుంటారు. సిరంజి నింపుతోంది.

"మంచు కరిగిందా సిస్టర్?"

"గడ్డగానే ఉంది ఇన్‌స్పెక్టర్ గారూ."

కోడ్ సరిపోయింది. అయినా ఇన్‌స్పెక్టర్ వేషం కదా, తనిఖీ చేస్తున్నట్టు పెన్ను మందుపెట్టెలో పెట్టాడు. తొంభై ఎనిమిది డిగ్రీలు, మనిషి ఒంటి వేడి! సీసాల కింద మంచు లేదు, వేడినీళ్ళ సంచీ ఉంది. చచ్చిన క్రిములకు వెచ్చదనం ఎందుకు?

అమీనా చేతిమీద దూది రాసింది మేబెల్.

"ఆగండి సిస్టర్. మొదటి సూది మీకు."

అది జకర్యా పెట్టిన రూలు. జనం భయం పోవాలంటే, సూది వేసేవాళ్ళు అదే సీసాలోంచి ముందు తాము వేసుకోవాలి.

మేబెల్ నవ్వింది. "నిన్ననే వేసుకున్నాను."

"నిన్నటి ముచ్చట నాకెందుకమ్మా," అంది జాన్ బీ. "జకర్యా సారైతే రోజూ మా ముంగటనే ఏసుకుంటుండె. నువ్వు సుత ఏసుకో. అటెన్క మా పిల్లకు."

మేబెల్ మొహం పాలిపోయింది. గొంతు తగ్గించింది.

"ఎమిలీ పక్కన కూర్చున్నది నేను, యెషయా."

"తెలుసు."

ఆ మాటకు ఏదో ఒకటి అనిపించాలి. అనిపించలేదు. ఆమె చటుక్కున సూదిని పిల్ల చేతి మీదికి దించింది. చర్మానికి వెంట్రుకవాసి దూరంలో యెషయా ఆమె మణికట్టు పట్టేశాడు. సిరంజి కిందపడి పగిలింది.

"సిస్టర్‌కు ఒంట్లో బాగాలేదు," అన్నాడు క్యూ వైపు తిరిగి. "ఈ పెట్టెలో మంచు లేదు. కొత్త మందు తెప్పిస్తా, ఎవరూ కదలకండి."

జీపులో తనతో వచ్చిన ఇద్దరు మఫ్టీ కానిస్టేబుళ్ళు మేబెల్‌ని మర్యాదగా జీపెక్కించారు. పెట్టె కూడా ఎక్కింది.

"పొద్దటిసంది నిలబెట్టిండ్రు, గిదేం సర్కారు!" జాన్ బీ గొణుగుతూనే ఉంది.

రెండింటికి అసలు మందు వచ్చింది, మంచులో. నర్సు లేదు. సూది వెయ్యడం యెషయాకు వచ్చు. రూలు ప్రకారం చొక్కా చెయ్యి పైకి మడిచి, అందరిముందూ పొడుచుకున్నాడు.

చుర్రుమంది.

ఎనిమిది నెలల తర్వాత నొప్పి అంటే ఏమిటో తెలిసింది. ఈ సీసా ఆనాడు నాలుగు రోజుల ముందు వచ్చి ఉంటేనా! ఎమిలీ కూడా ఇలాగే చెయ్యి చాపేది. కళ్ళలో నీళ్ళు ఆగలేదు. ఒకవైపు మీసం తడిసి ఊడి వేలాడింది. అలాగే అమీనాకు సూది వేశాడు.

జాన్ బీ బుగ్గ నొక్కుకుంది. "ఏందీ సారూ, గింత సూదికే ఏడుస్తరా? మా అమీనాను జూడుండ్రి, కండ్లు సుత మూస్తలేదు!"