అప్పగింతల మ్యూజిక్ వద్దు

పొద్దున ఎనిమిదింటికే బాలకిషన్ మనిషి మనిషిలో లేడు. చాయ్ చల్లారింది, ఉప్మా ఎండిపోయింది, అయ్యగారు మాత్రం కంప్యూటర్ ముందునుంచి లేవలేదు. ఆబిడ్స్ దుకాణంలో మనసు నిలవక దాన్ని నిన్న నాంపల్లిలోని ఇంటికే మోసుకొచ్చాడు. ఇరవై ఏళ్లుగా పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తున్నవాడికి బడిపిల్లల గ్రాడ్యుయేషన్ వీడియో ఒక లెక్కా! అయినా వేణువు పెట్టాడు, తీసేశాడు. పియానో పెట్టాడు, అదీ పూర్తిగా నచ్చలేదు. సాయంత్రం ఐదింటికి పదో తరగతి పిల్లలందరి ముందూ అది వేయాలి. అందులో తన ఒక్కగానొక్క కూతురు హాసిని కూడా ఉంది.

"ఏమయ్యా, జర తిని కూసోరాదు," అంది భార్య విద్యావతి.

"తింటలే. చూసినోళ్లకు కండ్లల్ల నీళ్లు తిరగాలె. ప్రిన్సిపాల్ మేడం గట్లనే చెప్పింది."

"పోరగాండ్లను ఏడిపిస్తే నీకేమొస్తది?"

బాలకిషన్ మళ్లీ తెరవైపు తిరిగాడు. అసలు సంగతి వేరే ఉంది. హాసినికి వరంగల్‌లో హాస్టల్ కాలేజీలో ఇంటర్ సీటొచ్చింది. తండ్రి సంతకం పెట్టిన కాగితం రేపటిలోగా అక్కడ అందాలి. వారం నుంచి ఆ సంతకం పడటం లేదు.

అప్పుడే తల దువ్వుకుంటూ వచ్చిన హాసిని, తెరమీద తన ముఖం చూసి, వెనక మోగుతున్న మ్యూజిక్ విని ఆగిపోయింది.

"ఏంది డాడీ గిది? పెళ్లికూతురు కారెక్కేటప్పుడు పెట్టే షెహనాయి గదా! అందరికి పియానో పెట్టి, నాకొక్కదానికి అప్పగింతల మ్యూజిక్ ఎందుకు?"

"బాగుంటదని పెట్టిన."

"కాదు. నేను ఏడ్వాలె, ఏడ్చి వరంగల్ పోను అనాలె. గంతేనా కాదా?"

"ఔ, గంతే!" బాలకిషన్ గొంతు లేచింది. "బషీర్‌బాగ్‌ల కాలేజీలు లేవా? గాడ జరమొస్తే నిన్నెవరు చూస్తరు?"

"నేనే చూసుకుంట! పరీక్ష రాసి తెచ్చుకున్న సీటు డాడీ. నాకేం భయం లేదు, ఉన్నదంతా నీకే. నీ భయానికి నన్ను ఇంట్ల కట్టేస్తవా?"

దభీమని తలుపేసి స్నేహితురాలు సాయిసుధ ఇంటికి వెళ్లిపోయింది.

"పోవద్దని చెప్పాల్నంటే దాని ముఖం చూసి చెప్పు," అంది విద్యావతి. "షెహనాయితోని చెప్పించకు."

ఆ మాట సూటిగా గుచ్చుకుంది. బాలకిషన్ షెహనాయి తీసేశాడు.

మిక్సింగ్ వాళ్లకో అలవాటుంది. పెళ్లిలో కెమెరా పట్టిన శబ్దమంతా వంటవాళ్ల కేకలూ జనరేటర్ మోతే. అందుకని క్లిప్పులు రాగానే ముందు అన్నిటినీ మ్యూట్ చేసి, తర్వాత మ్యూజిక్ వేస్తారు. దీనికీ అదే చేశాడు. బడి గురించి రెండు మాటలు చెప్పమని టీచరమ్మ అడిగితే పిల్లలు చెప్పిన జవాబులే ఈ క్లిప్పులు. వాళ్ల పెదాలు కదలడం చూశాడే తప్ప ఒక్కరి మాటా వినలేదు, కన్నకూతురి మాటతో సహా.

ఏ మ్యూజిక్కూ కుదరక, విసుగెత్తి, హాసిని క్లిప్పుకు మ్యూట్ తీశాడు.

"మా డాడీ మ్యూట్ చేస్తడు మేడం, వినడు. గందుకే చెప్తున్న," తెరమీద నవ్వింది హాసిని. "స్కూల్ ఇడిసిపోతున్నందుకు కాదు, ఇల్లు ఇడిసిపోవాల్నంటే భయమైతుంది. ఇప్పటికీ ఉరిమితే మమ్మీ పక్కల దూరుత. గాడ ఎవరి పక్కల దూరాలె? గానీ చెప్తే డాడీ పంపడు. ఇప్పుడు పోకపోతే ఇంక జిందగీల యాడికీ పోలేను మేడం." నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

సిగ్గుచేటే గానీ, బాలకిషన్‌కు మొదట తోచింది తను గెలిచానని. ఇది వినిపిస్తే చాలు, పిల్ల మళ్లీ నోరెత్తదు. లేచాడు, కూర్చున్నాడు, బాల్కనీలోకి పోయి ఊరికే ట్రాఫిక్ చూసొచ్చాడు. రెండోసారి విన్నాడు. మూడోసారి వినేసరికి ఏడుపు ముంచుకొచ్చింది. ఇంత బెంగ కడుపులో దాచుకుని, రోజూ తన ముందు ధైర్యంగా నిలబడుతోందే ఆ పసిది! దాన్ని ఏడిపించి ఆపాలనుకున్నాడు తను, ఛీ!

మూడింటికి హాసిని మూతి ముడుచుకునే వచ్చింది. వీడియో వేసి చూపించాడు. హాసిని ముఖం రాగానే హుషారైన డోలు దరువు, మాటలు మాత్రం లేవు.

"గిది బాగుంది," అంది ముక్తసరిగా.

బాలకిషన్ సంతకం పెట్టిన కాగితం ఆమె చేతిలో పెట్టాడు. హాసిని కాగితం చూసింది, తండ్రి ఎర్రబడ్డ కళ్లు చూసింది.

"విన్నవా డాడీ?"

"విన్న."

"విని గూడ సంతకం పెట్టినవా?"

"విన్నందుకే పెట్టిన బిడ్డా. భయం లేదు, భయం లేదంటుంటే ఏం తెల్వక ఎగురుతున్నవనుకున్న. అన్నీ తెలిసే పోతున్నవు."

ఇక ఆగలేక హాసిని తండ్రి మెడ పట్టుకుని బావురుమంది. "మస్తు భయమైతుంది డాడీ!"

"నాకు గూడ అయితుంది," అన్నాడు బాలకిషన్, ఆమె తల నిమురుతూ. "నువ్వు గాడ, నేను గీడ, ఇద్దరం భయపడుదాం. పోవుడు మాత్రం పోవాలె."