ఉప్పుకొట్టు వెనక తలుపు

బారువ పాత రేవు వీధిలో చివరి ఉప్పుకొట్టు మంచిది కాదంటారు. దీపాలు పెట్టే వేళ దాటితే దాని వెనక తలుపు ముట్టకూడదట. ఓడలొచ్చే కాలంలో సన్యాసమ్మ అనే కూలిమనిషి లోపలుండగానే సావుకారు తాళం వేసుకుని పోయాడట. నాలుగోనాడు తాళం తీస్తే, గొంతెండి ఆ తలుపు దగ్గరే శవమై దొరికిందట. అప్పట్నుంచీ ఆవిడ ఎవర్నీ తలుపు తియ్యనివ్వదట... తాళం వేసింది సావుకారు, చెడ్డపేరు సన్యాసమ్మకి!

ఇప్పుడది ఫ్యాషన్ వీధి. కొట్లకి నీలం రంగులు, చూరుకి బుడ్డి లైట్లు, గ్లాసుడు కాఫీకి గంటసేపు ఫొటోలు. గోడకి ఇత్తడి పలక కూడా కొట్టారు. సావుకారు పేరుంది. సన్యాసమ్మ పేరు లేదు.

పలాస నుంచి వచ్చిన హేమ ఆ కొట్టులో కాపురం పెట్టింది. మొగుడు గౌరీశంకర్ ముందువైపు మోటారు షట్టర్ బిగించాడు. వెనక తలుపుకి అందమైన తెర కట్టేశాడు.

"ఆ తలుపు సంగతి నీకు తెలుసునేటే?" అంది పక్కింటి జోగమ్మ.

"దెయ్యముంటే రమ్మను పెద్దమ్మా, పిల్లనాడిత్తాది. నాకు వంటకి తీరుబడుంటాది!"

ఓ సాయంత్రం గౌరీశంకర్ ఊళ్ళో లేడు. కరెంటు పోయింది. ఇన్వర్టర్ చిటపటమంది... ఆ వెంటనే పొగ.

హేమ పిల్లను చంకనేసుకుని షట్టర్ దగ్గరికి ఉరికింది. మీట నొక్కింది. కదల్లేదు. కరెంటు లేని మోటారు ఎలా కదుల్తుంది? కిటికీలా— ఉప్పుకి కిటికీలెందుకని ఆనాడే పెట్టలేదు.

పిల్ల దగ్గుతోంది.

తెర పీకి పారేసింది. చీకట్లో ఇనప కడియం చేతికి తగిలింది. లాగింది.

అవతల్నుంచి ఎవరో లాగారు.

హేమ ఇంకా బలంగా లాగింది. అటు కూడా అంతే బలంగా... పిల్ల దగ్గు సన్నబడిపోతోంది.

"సన్యాసమ్మా... నీకు దండం పెడతాను. నన్నుంచుకో. పిల్లనొగ్గీ!"

చెవి పక్కనే— గొంతు ఎండిపోయిన గుసగుస.

"లాగకే... తొయ్యి. లోపలంతా ఉప్పు పోసీవోళ్ళు తలుపు లోపలికి తెరుసుకునేలాగ ఎట్టుకుంటారేటే?"

భుజం ఆనించి తోసింది. తలుపు ఫెడేలుమని బయటికి తెరుచుకుంది. హేమ, పిల్ల, అవతల కడియం పట్టుకున్న జోగమ్మ— ముగ్గురూ ఇసకలో పడ్డారు. పొగ చూసి పరిగెత్తుకొచ్చి, బయటి గొలుసు తీసి, ఇందాకట్నుంచీ తలుపు లాగుతున్నది ఆవిడే!

పిల్ల గుక్కతిప్పుకుని ఏడ్చింది. ఆ ఏడుపుతో హేమకి ప్రాణం లేచొచ్చింది.

"తొయ్యమని నువ్వు సెప్పబట్టి బతికాం పెద్దమ్మా..."

జోగమ్మ ఆగమన్నట్టు చెయ్యి ఊపింది. బిగించిన పెదాల మధ్య నుంచి అడ్డచుట్ట బయటికి తీసింది— నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట. కొస ఇంకా ఎర్రగా ఉంది.

"నోట్లో నిప్పెట్టుకుని నేనెలాగ మాటాడతానే?"