దొంతిగుట్ట మీద ఇల్లు

దొంతిగుట్ట సగం ఎక్కేసరికి ఆరో తరగతి పిల్లలందరూ చతికిలబడ్డారు. సోషల్ చెప్పే జైపాల్ సార్ కూడా ఒక బండ మీద కూర్చుని చెమట తుడుచుకున్నారు. శ్రీలేఖ మాత్రం ఆగలేదు.

"గింత తొందరేందే?" అంటూ షైని వెనకాలే పరుగెత్తింది.

"పైన నాకు పనుంది. రా, చెప్తాను."

ఆ పని చిన్నదేమీ కాదు. శ్రీలేఖ ఇల్లు కట్టాలి! మేడ్చల్‌లో వాళ్ళుంటున్న అద్దె ఇంటిని ఓనరు ఖాళీ చేయమన్నాడు. నాన్న జీడిమెట్ల వైపు ఇల్లు చూస్తున్నారు. అక్కడికి వెళ్తే ఈ స్కూలూ ఉండదు, షైనీ ఉండదు. అది తలుచుకుంటేనే శ్రీలేఖకు ఏడుపొస్తోంది. పొద్దున జడ వేస్తూ అమ్మ ఒక మాట చెప్పింది.

"కొండెక్కాక రాళ్ళు పేర్చి చిన్న ఇల్లు కట్టి దండం పెట్టుకోవే. మా వైపు వాళ్ళంతా అలాగే చేస్తారు. సొంతిల్లు అమరుతుంది."

గుట్ట పైన చదునుగా ఉంది. శ్రీలేఖ గబగబా గులకరాళ్ళు ఏరి గోడలు పేర్చింది. జారిపోయాయి. మళ్ళీ పేర్చింది. మళ్ళీ జారాయి. ఇల్లు కట్టి చూడు అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా!

అప్పుడు కాస్త దూరంలో మంచి రాళ్ళు కనిపించాయి. పలకల్లా ఉన్నాయి. ఒక గుండ్రం గీసినట్టు వరసగా నేలలో దిగి ఉన్నాయి. అటూ ఇటూ ఊపి లాగితే కొన్ని ఊడివచ్చాయి. వాటితో ఇల్లు ఎంత బాగా కుదిరిందో! కింద రెండు గదులు, పైన మేడ, మేడ మీద గడ్డిపూలు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పై గది షైనికి అని కూడా అనేసుకుంది.

"మస్తుగున్నది!" అంది షైని. "మా ఇంట్ల గిట్ల రాళ్లు పెట్టరు, ప్రార్థన జేస్తరు. నేను గూడ జేస్త, నువ్వు ఈడనే ఉండాలెనని."

ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి మిగతావాళ్ళు పైకి వచ్చేశారు. సార్ అందరినీ ఆ రాళ్ళ గుండ్రం దగ్గరికి పిలిచారు.

"సూడుండ్రి పిల్లలూ. వేల ఏండ్ల కింద మనుషులు గీ గుట్టెక్కి మొక్కుకున్నరు. ఏ దేవునికో మనకు తెల్వదు. గోడల్లేవు, కప్పు లేదు. గీ గుండ్రమే వాళ్లకు గుడి. గప్పటి సంది ఒక్క రాయి గూడ..."

సార్ మాట ఆగిపోయింది. గుండ్రంలో ఒక పక్క పళ్ళూడిన నోరులా ఖాళీగా ఉంది.

"అయ్యో! ఎవరో పీక్కపోయిండ్రు. పోయిన నెల నేనొచ్చినప్పుడు అన్ని ఉండె."

అవి శ్రీలేఖ లాగిన రాళ్ళే! ఆమె ఇల్లు ఒక బండ చాటున ఉంది. చూసింది షైని ఒక్కతే. షైని ఆమె వైపు చూసింది. ఊరుకుంటే ఇల్లు నిలుస్తుంది. చెబితే కూల్చాలి. దండం పెట్టుకున్న ఇంటిని కూలిస్తే ఇంకేమైనా ఉందా?

కానీ ఆ పాతకాలం వాళ్ళు కూడా ఇంత ఎండలో ఎక్కివచ్చారు కదా. వాళ్ళు కూడా ఏదో కావాలనే దండం పెట్టుకుని ఉంటారు. శ్రీలేఖకు వాళ్ళెవరో తెలియదు. అయినా వాళ్ళను తలుచుకుంటే చాలా సిగ్గేసింది.

"ఎవరూ తీసుకుపోలేదు సార్. అవి... అవి నా ఇంట్లో ఉన్నాయి."

పిల్లలు గొల్లున నవ్వారు. సార్ నవ్వలేదు. బండ వెనక్కి వెళ్ళి ఆ మేడను చూశారు. ఆయనకు కోపం వచ్చింది. మేడ మీది గడ్డిపూలు చూశాక కాస్త తగ్గింది.

"ఏ రాయి ఏడికెల్లి తీసినవో యాదున్నదా బిడ్డా?"

"గుంటలు చూస్తే తెలుస్తుంది సార్."

"అయితే నీ చేతుల్తోనే పెట్టాలె."

ముందు గడ్డిపూలు తీసింది. తర్వాత మేడ, ఆ తర్వాత గోడలు. కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కో రాయినీ తిప్పి తిప్పి చూసి, దానికి సరిపోయే గుంటలో దించింది. షైని దాని చుట్టూ మన్ను నొక్కింది. ఆఖరి రాయి కూర్చున్నాక గుండ్రం నిండుగా కనిపించింది. సార్ దాని చుట్టూ ఒకసారి నడిచి, తల ఊపారు.

"ఇగ మళ్ల కడదాం పా," అంది షైని. "తొవ్వ పొంటి మస్తు రాళ్లున్నయి."

ఇద్దరూ దారి వెంట నాలుగడుగులు దిగి వెతికారు. శ్రీలేఖకు ఒక మంచి రాయి దొరికింది. చేతిలోకి తీసుకోబోయి ఆగింది.

"సార్! ఇది తీసుకోవచ్చా?"

సార్ వంగి చూశారు. "తీస్కో. గది ఉత్త రాయే."

ఇంకో రాయి దొరికింది. దానికీ అడిగింది. ఆ తర్వాత దానికీ అడిగింది.

"ఏందే, గులకరాయికి గూడ అడుగుతవా!" అన్నారు సార్ నవ్వుతూ.

ఈసారి ఇంటికి మేడ లేదు, ఒకటే గది. దాని కప్పు మీద పెట్టే బుల్లి రాయిని కూడా శ్రీలేఖ సార్‌కు చూపించే పెట్టింది.