తల ఊపిన మాట

“శుక్రవారం, సిక్స్ ఓ క్లాక్. ఎక్స్‌ట్రికేట్ హర్. నో నాయిస్.”

చీఫ్ పట్టాభిరామయ్య ఒక ఫొటోను బల్ల మీద ఇటు జరిపాడు. నల్ల కళ్లద్దాలు, నెమలికంఠం రంగు చీర, పెదవుల మీద పూర్తికాని నవ్వు. పేరు అనూహ్య. మేడ్చల్‌లో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్‌లో టీచర్.

ఏజెంట్ రఘునందన్ తల ఊపాడు.

మిగతా బ్రీఫింగ్ కూడా ఇంగ్లిష్‌లోనే, గుక్క తిప్పుకోకుండా సాగింది. అతనికి అందింది సగం. ఆ సెంటర్ ఒక విదేశీ ముఠాకు ముసుగు. జీడిమెట్ల మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లు సాయంత్రాలు అక్కడ చదువుకుంటారు. ‘మీ పని గురించి ఇంగ్లిష్‌లో చెప్పండి’ అని వాళ్లచేత చెప్పించి, ఉచ్చారణ దిద్దే మిషతో రికార్డు చేస్తారు. ఆ క్యాసెట్లతో పాటు ఫార్ములాలు దేశం దాటిపోతాయి. శుక్రవారం ఆఖరి సంచీ కదులుతుంది. ఇంతవరకు స్పష్టం. అనూహ్య ఎవరి మనిషో చెప్పిన ముక్కలే చేజారాయి.

ఎక్స్‌ట్రికేట్. ఎగ్జిక్యూట్ తెలుసు, ఎక్స్‌టర్మినేట్ తెలుసు. ఆ మొదలుతో మనిషిని ప్రాణాలతో మిగిల్చే మాట ఒక్కటీ గుర్తు రాలేదు. పైగా టెక్నికల్ వింగ్ వాళ్లు చేతిలో ఒక పెన్ను పెట్టారు. క్యాప్ తిప్పితే సూది, ఒక్క పోటుకు గుండె ఆగుతుంది. ప్రతి మిషన్‌కూ ఇచ్చేదే. ఈసారి అది జవాబులా కనిపించింది.

అడగొచ్చు. కానీ ట్రైనింగులో తెలుగు మీడియం అని నవ్విన మొహాలు ఇన్నేళ్లయినా అతని నోటికి కాపలా కాస్తున్నాయి. డిక్షనరీ చూడొచ్చు. చూస్తే తెలియదని తనకు తాను ఒప్పుకున్నట్టే. ఆ మాట తెలియదనడం కన్నా ఒక మనిషిని చంపడం తేలికనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు కూడా నోరు విప్పించలేదు.

శుక్రవారం మాసిన గడ్డంతో, గ్రీజు మరకల చొక్కాతో, లేత్ ఆపరేటర్ మైసయ్య అనే పేరుతో క్లాసులో కూర్చున్నాడు. తలుపు బయట కుర్చీలో సెంటర్ యజమాని బుల్లిబాబు, ఒళ్లో క్యాసెట్ల సంచీ. ముఠాకు ఇక్కడి మనిషి అతనే.

“శుక్రవారం అలవాటు తెలుసుగా,” అంది అనూహ్య. “ఈ వారం మీరు అర్థం కాకుండానే తల ఊపిన మాట ఒకటి చెప్పాలి. నవ్వినవాళ్లు అందరికీ టీ ఇప్పించాలి.”

మాత్రల సెక్షన్‌లో హెల్పర్ ఆసిం లేచాడు. “మా సూపర్‌వైజర్ ‘ఎక్స్‌పెడైట్’ అన్నడు మేడమ్. నేను ఎస్ సార్ అని చాయ్ తాగనీకి పోయిన.”

“నీకు ఏం జెప్పినా చాయే సమజైతది,” అంది ముందు బెంచీలోని నజ్‌నీన్.

అనూహ్య ఆ మాట బోర్డు మీద రాసి, మొదట ఉన్న ఇ, ఎక్స్ అక్షరాల చుట్టూ సున్నా చుట్టింది. “ఈ జంట ముందుంటే చాలాసార్లు ‘బయటికి’ అనే అర్థం లోపల దాగుంటుంది. ఎగ్జిట్, బయటికి పోయే దారి. ఎక్స్‌పెల్, బయటికి గెంటడం. ఎక్స్‌హేల్, ఊపిరి బయటికి వదలడం. మీ సూపర్‌వైజర్ మాట, సంకెల్లోంచి పాదం బయటికి తీయడం. అంటే పని జల్దీ సాగనివ్వమని.”

రఘునందన్ బెంచీ కింద పెన్ను క్యాప్ తిప్పాడు. ఆరు కావస్తోంది. ఆమె అతని ముందుకొచ్చి ఆగింది. మణికట్టు అందేంత దూరంలో ఉంది.

“మైసయ్యగారూ, మీ మాట?”

ఫొటోలోని నవ్వు లేదు. ఆమె చూపు ఒకసారి తలుపు దాకా వెళ్లి, బుల్లిబాబు వీపు చూసి తిరిగొచ్చింది. అది కాపలా కాసేవాళ్ల చూపు కాదు, కాపలాలో ఉన్నవాళ్ల చూపు. అలాంటి కళ్లను అతను చాలా గదుల్లో చూశాడు.

“ఎక్స్‌ట్రికేట్,” అన్నాడు. “మా పెద్దసారన్నడు. సమజ్ కాలె. తల ఊపిన.”

“చిక్కులో పడ్డ మనిషిని బయటికి తీయడం,” అంది నెమ్మదిగా. తర్వాత గొంతు తగ్గించి, “ఎన్నింటికి తీయమన్నారు?” అని అడిగింది.

“ఆరింటికి.”

అతనికి చెవుల దాకా వేడెక్కింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది. బెంచీ కింద పెన్ను క్యాప్ వెనక్కి తిప్పేశాడు.

తలుపులో బుల్లిబాబు ప్రత్యక్షమయ్యాడు. సంచీ చాటున రివాల్వర్. “పాఠం చాలించండి మేడం. షామీర్‌పేట నుంచి కారొచ్చింది. క్యాసెట్లతో పాటు మీరూ ఎక్కాలి. ఇన్నాళ్లూ మా కబుర్లు ఎవరికి చేరవేశారో మావాళ్లు అడుగుతారంట.”

బుల్లిబాబు లోపలికొచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. రఘునందన్ బెంచీని ఒక్క తన్ను తన్నాడు. అది బుల్లిబాబు మోకాళ్లకు తగిలింది. రివాల్వర్ నేల మీద జారింది. కిందపడ్డ మనిషి మీద ఆసిం ఎక్కి కూర్చున్నాడు.

“ఏంది మేడమ్, గిది గూడ ప్రాక్టీసేనా?”

“అవును ఆసిం. లేవకు.”

బయట ముఠా కారు కదలబోయింది. అప్పటికే చీఫ్ పంపిన పోలీసు జీపు దానికి అడ్డంగా నిలబడి ఉంది.

చీకటి పడకముందే అతను అనూహ్యను తన కారులో దేవరయాంజాల్ సేఫ్ హౌస్‌కు బయల్దేరదీశాడు. ఆమె ముందు సీట్లో కూర్చుంది.

“ఆ మాట మీకు ఎప్పుడు చెప్పారు?”

“సోమవారం.”

“మరి ఇవాళ్టి దాకా దానికి అర్థం ఏమనుకున్నారండీ?”

అబద్ధం అతని వృత్తి. నోటిదాకా వచ్చింది కూడా. 

“చంపమన్నారనుకున్నాను.”

రోడ్డు పక్క ద్రాక్ష పందిళ్లు వెనక్కి పోతున్నాయి.

“ఎవర్నైనా అడగొచ్చుగా?”

“సిగ్గేసింది.”

ఆమె చూపు అతని మొహం మీంచి జేబులోని పెన్ను మీదికి దిగింది. “డిపార్ట్‌మెంట్ పెన్నుతోనా?”

“అవును.”

“కారు ఆపండి.”

ఆపాడు. ఆమె దిగి తలుపు వేసింది. వెళ్లిపోతుందనుకున్నాడు, వెళ్లిపోవడమే న్యాయమనుకున్నాడు. వెనక తలుపు తెరుచుకుంది.

“పోనివ్వండి,” అంది అనూహ్య వెనక సీట్లోంచి. “చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉంచండి.”