ఫ్రైడ్ ఎగ్ కాదు, పువ్వు

"ఫ్రైడ్ ఎగ్," అంది ఫోను.

జెమీమా ఫోను వంకా, అద్దాల పెట్టెలోని గాజుబిళ్ల వంకా, ఫోను పట్టుకున్న నిఖిల్ వంకా చూసింది.

"ఈజిప్టులో రెండు వేల ఏళ్ల కిందట చేసిన గాజు అది. చెక్కపెట్టెల మీద అలంకారానికి పొదిగేవాళ్లు. మీ యాప్‌కి ఆకలేస్తోందా?"

బొటనవేలి గోరంత బిళ్ల. నీలం గాజులో తెల్లని రేకులు, నడుమ పసుపు చుక్క. నిఖిల్‌కీ గుడ్డులాగే కనిపించింది. పైకి అనలేదు.

అతను డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లో ఓ కంపెనీ ఇంజనీరు. ఊళ్లోని ఈ మ్యూజియంలో ఏ వస్తువుకి ఫోను చూపిస్తే దాని సంగతి చెప్పే యాప్ తయారుచేయడం అతని పని. వస్తువులు పాడవకుండా చూసుకోవడం జెమీమా పని. ఐర్లండ్‌లోనే వాటర్‌ఫోర్డ్‌లో పెరిగిన గుంటూరు వాళ్లమ్మాయి.

"నేర్పిస్తే నేర్చుకుంటుందండీ."

"యాపా, మీరా?"

"ఇద్దరం."

గురువారం గురువారం వచ్చేవాడు. రంగు గాజు కడ్డీల్ని పువ్వులా కట్టగట్టి, వేడికి అతికించి, సన్నగా సాగదీసి కోస్తే ప్రతి ముక్కలోనూ అదే పువ్వుంటుందని ఆమె చెప్పింది. చెబుతూ చేతులతో గాలిని సాగదీసేది. అతను ఆ చేతులే చూసేవాడు. బయట వాన పడుతూ ఉండేది. డబ్లిన్ కాబట్టి అందులో విశేషమేమీ లేదు.

యాప్ అన్నీ నేర్చుకుంది. ఆ ఒక్క బిళ్ల దగ్గరే గుడ్డు వదల్లేదు.

ఓ గురువారం జెమీమా కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆ గుడ్డు చూసి మా మేనేజర్ ప్రాజెక్ట్ ఆపేస్తానంటోంది. నిఖిల్ వర్క్‌కి నాదే గ్యారంటీ అని అందరి ముందూ చెప్పాన్నేను."

నిఖిల్ ఫోను జేబులో పెట్టేశాడు. "ఆ తప్పు ఎప్పుడో సరిచేశానండీ. ఇక్కడికొచ్చే ముందు మళ్లీ చెడగొట్టేవాణ్ణి."

"వై?"

"అన్నీ బాగుంటే నాకిక్కడ పనుండదు కదా."

"వెళ్లి మేనేజర్‌కి చెప్పు," అంది ఆమె.

చెప్పాడు. తప్పు తనదేనని, జెమీమాకి ఏమీ తెలియదని. ప్రాజెక్ట్ ఆగలేదు. అతని స్థానంలో వేరే ఇంజనీరుని పంపమన్నారు.

అతను మెట్లు దిగుతుంటే జెమీమా గొడుగుతో వెనకే వచ్చింది.

"గురువారాలు పోయాయిగా. సాటర్డే ఫ్రీయేనా?"

అతను జవాబు చెప్పేలోపే వాళ్లమ్మకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది. నర్సు సంతోషకుమారి డ్యూటీలోంచి పలికింది.

"మమ్మీ, ఒకబ్బాయిని తీసుకొస్తున్నా. ఐ లైక్ హిమ్."

"చేపల పులుసు తింటాడా?"

నిఖిల్ ముందుకు వంగాడు. "తిననండీ, ఆంటీ. ఎప్పుడూ ముట్టలేదు."

"మొదటిసారే నిజం చెప్పాడు," అంది సంతోషకుమారి. "తీసుకురా. పప్పుచారు పెడతా."