కితజావా వారి కొత్త తొట్టి

స్నానాల తొట్టి వచ్చే రోజు పొద్దున కూడా ఫుమియె రోజూలాగే ఐదున్నరకి లేచి బియ్యం కడిగింది, మిసో చారులోకి ముల్లంగి తరిగింది. తేడా అంతా ఆమె భర్తలో ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళు శియోజిరి కొండల మధ్య రైలు నడిపి, పోయిన వసంతంలో రిటైరైన కితజావా తెత్సుజి ఆరింటికల్లా గడ్డం గీసుకుని వీధి వాకిట్లో నిలబడ్డాడు. లారీ వచ్చేది పదింటికి.

కొత్త కోడలు కారు దిగుతున్నట్టు ఏంటా ఎదురుచూపులని కూతురు చినత్సు ఎగతాళి చేసింది. ఆమెకి ముప్పై నాలుగేళ్ళు. ఊరి పురపాలక కార్యాలయంలో ఉద్యోగం, అమ్మానాన్నలతోనే కాపురం, నోరు మాత్రం స్వతంత్రం. తెత్సుజి వినిపించుకోలేదు. ఇంట్లో ఆయనకి వినిపించేవి ఎప్పుడూ తక్కువే.

తొట్టిని కిసో లోయ నుంచి స్వయంగా తెచ్చినవాడు దాన్ని చేసిన అకహనే గారే. హినోకి కలప పలకలు, చుట్టూ మూడు రాగి కట్లు. స్నానాల గదిలో దింపేసరికి ఇల్లంతా అడవి వాసన వేసింది. ముసలాయన జాగ్రత్తలు చెబుతుంటే తెత్సుజి నోటు పుస్తకంలో రాసుకున్నాడు. సబ్బు బయటే రుద్దుకుని కడుక్కుని అప్పుడు దిగాలి. నీళ్ళలో సువాసన పొడులు కలపకూడదు. నీళ్ళు వదిలాక గుడ్డతో తుడవాలి, మూత నిలబెట్టాలి, కిటికీ ఓరగా తీసి ఉంచాలి. అన్నీ చెప్పి అకహనే గారు బూట్లు తొడుక్కుంటూ, రోజూ మనిషి దిగుతుంటే దానికి అదే మందని అన్నాడు. అది నిబంధనలా లేదు కాబట్టి తెత్సుజి రాసుకోలేదు.

రాసుకున్నవన్నీ పెద్ద అక్షరాలతో గోడకి అతికించాడు. అప్పటి నుంచి ఆ గదిలో ఆయన ఉద్యోగం మళ్ళీ మొదలైంది. రైలు నడిపేవాళ్ళకి ప్రతి సిగ్నలూ వేలు చూపించి పైకి చెప్పడం అలవాటు. ఆయన తొట్టి ముందు నిటారుగా నిలబడి, "మూత, సరే. కిటికీ, సరే. కట్లు, సరే" అని వేలు చూపిస్తుంటే వంటింట్లో తల్లీకూతుళ్ళు కొంగజపం చేస్తున్న మొహాలు పెట్టి నవ్వాపుకునేవాళ్ళు.

మొదటి సాయంత్రం ఒక చిన్న సంగతి జరిగింది. అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తొట్టి నిండాక తెత్సుజి వంటింటి గుమ్మంలోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు. నీళ్ళు నిండాయన్నాడు. ఫుమియె పొయ్యి మీద చేప తిప్పుతూ, అయితే కానివ్వండి అంది. ఆయన కదల్లేదు. "కాదు, నువ్వు..." అన్నాడు. చేప మాడుతుంది, మీరు వెళ్ళండి అని ఆమె చేత్తో తోలేసింది. ఆయన ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

ఆమె తప్పేం లేదు. ఆ ఇంట్లో స్నానాల వరస ఆమె కాపురానికి రాకముందు నుంచీ ఉంది. నింపేది ఒక్కసారే, అందరూ దిగేది ఆ నీళ్ళలోనే. మామగారు ముందు, తరవాత భర్త, తరవాత పిల్ల, తరవాత అత్తగారు, చివరికి కోడలు. మామగారి తరవాత అత్తగారు కూడా పోయి పదకొండేళ్ళయినా ఆవిడ పెట్టిన వరస మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అత్తగారు నేర్పిన ఇంకో అలవాటు కూడా పోలేదు. భర్త నీళ్ళలో ఉండగా మసక అద్దాల తలుపు దగ్గరికొచ్చి, "నీళ్ళెలా ఉన్నాయండీ" అని అడగడం. "బావున్నాయి" అని లోపలి నుంచి జవాబు. ముప్పై తొమ్మిదేళ్ళుగా అవే రెండు ముక్కలు.

అసలు చిక్కు వారం తిరిగేసరికి బయటపడింది. పాత ప్లాస్టిక్ తొట్టికి బటన్ ఉండేది. నొక్కితే చల్లారిన నీళ్ళు మళ్ళీ కాస్త వెచ్చబడేవి. హినోకి చెక్కకి గొట్టం కోసం కన్నం పెడితే అకహనే గారు ప్రాణం తీసుకునేలా ఉన్నాడని ఆ ఏర్పాటు ఎత్తేశారు. తెత్సుజి నాలుగింటికి పొగలు కక్కే నీళ్ళలో దిగేవాడు. చినత్సు ఆఫీసు నుంచి వచ్చి ఏడింటికి దిగేది. గిన్నెలన్నీ కడిగి ఫుమియె వెళ్ళేసరికి అందులో పసిపిల్లకి పోయడానికి కూడా పనికిరాని నీళ్ళుండేవి. జనవరి నెల. పైగా తొట్టి తుడిచే పని కూడా ఆఖరున దిగినవాళ్ళదే.

అలాగని తెత్సుజి సుఖపడుతున్నాడా అంటే అదీ లేదు. ఆయన అయిదడుగుల పదంగుళాల మనిషి. తొట్టిలో దిగితే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. తొట్టి అంచు కూడా పొట్టిది, ఆయన కూర్చుంటే సగం నీళ్ళు బయటికి దొర్లేవి. బయటికొచ్చాక నడుం పట్టుకుని గోడ వారగా నడిచేవాడు. ఇదంతా ఫుమియె చేపల కొట్లో పూసగుచ్చినట్టు చెప్పింది. క్షణం తేడా లేకుండా రైలు నడిపిన మనిషికి తన ఒళ్ళు ఎంతో తెలియలేదట. వేసవిలో ఆవిడ గోడకి ఆనుకుని కునుకు తీస్తుంటే అల్మారా కోసమని టేపు పెట్టి కొలిచాడట, ఆ అల్మారా ఈ రోజుకీ రాలేదట. కొట్లో అందరూ నవ్వారు. సాయంత్రానికి ఆ నవ్వు తెత్సుజి దాకా వచ్చింది. ఆయన మొహం మాడ్చుకున్నాడు కానీ ఒక్క మాట అనలేదు.

మాట అన్నది ఆ తరవాత ఆదివారం. తొట్టి లోపల అడుగున లేత పచ్చ చార ఒకటి కనిపించింది.

"ఇదేంటి?"

"యుజు పండు పొడి" అంది ఫుమియె. "వేడి ఎటూ లేదు, వాసనైనా ఉంటుందని వేశాను."

"గోడ మీద రాశాను కదా. రెండోది చదువు."

ఫుమియె చేతిలో గుడ్డ మడతపెట్టి కింద పెట్టింది. ఆమెకి అరవడం రాదు. అందుకే ఆ మాటలు ఇల్లంతా వినపడ్డట్టయింది.

"ముప్పై తొమ్మిదేళ్ళండీ. ఒక్కరోజన్నా ఎవరూ దిగని నీళ్ళు ఎలా ఉంటాయో ఈ ఇంట్లో నేను చూడలేదు. పాతదానికి బటనన్నా ఉండేది. రిటైరయ్యాక ఏదో కొంటానంటే, పోనీలే అనుకున్నా. మీకోసం కొనుక్కున్నారు, బావుంది, వద్దనను. నన్ను మాత్రం తుడవమనకండి."

తెత్సుజి నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయినట్టే ఉంది. చివరికి నోట్లోంచి వచ్చిన మాట, "మరక పడితే పోదు" అని.

మర్నాటి నుంచి ఫుమియె చిన్న బేసిన్‌లో తువ్వాలు, సబ్బు పెట్టుకుని మూడు వీధుల అవతలున్న ఊరి స్నానశాలకి వెళ్ళడం మొదలుపెట్టింది. రిటైర్మెంట్ డబ్బుతో హినోకి తొట్టి తెచ్చిన ఇంటి ఇల్లాలు చంకన బేసిన్‌తో వీధిలో నడుస్తుంటే చూడని కళ్ళు లేవు. అంతటితో ఆగలేదు. నగోయాలో ఊరగాయల దుకాణం నడిపే చెల్లెలు సాయానికి రమ్మంటోందని, మార్చిలో వెళ్తానని కూతురికి చెప్పింది. ఎన్నాళ్ళని చినత్సు అడిగింది. తెలీదంది. అమ్మ ఏ ఊరికి వెళ్ళినా తిరుగు టికెట్ కొనుక్కునే వెళ్ళే మనిషి. చినత్సుకి మొదటిసారి నవ్వు రాలేదు.

ఇంట్లో మాటలు తగ్గాయి. సాయంత్రం తొట్టి మూత తడిగా ఉండేది, నేల తడిగా ఉండేది. ఆయన తన మానాన తను దర్జాగా మునకలేస్తున్నాడని ఫుమియె పళ్ళు నూరుకునేది.

పధ్నాలుగో రోజు ఆదివారం. వీళ్ళ గొడవ తేలేలా లేదు, నేనన్నా హాయిగా స్నానం చేస్తానని చినత్సు మధ్యాహ్నం నీళ్ళు తిప్పి, తలకి నూనె రాసుకోవడానికి వెళ్ళింది. పది నిమిషాలకి వసారాలో కూర్చుని పేపరు చదువుతున్న తెత్సుజి మేజోళ్ళు తడిశాయి. లేచి చూస్తే స్నానాల గది తలుపు కింద నుంచి వాగు పారుతోంది. లోపల తొట్టి పలకల సందుల్లోంచి నాలుగు వైపులా నీళ్ళు కారుతున్నాయి.

ముగ్గురూ గుమ్మంలో నిలబడ్డారు. తెత్సుజి వేలు ఎత్తాడు కానీ, సరే అనడానికి ఏమీ కనపడలేదు.

"ఎండిపోయింది" అన్నాడు పీలగా. "ఎవరూ దిగలేదా దీన్లో?"

"మీరు దిగుతున్నారుగా, రోజూ" అంది ఫుమియె. "మూత తడి నేను చూడలేదా?"

చినత్సు కాళ్ళ దగ్గర నీళ్ళు చూసుకుంటూ నిట్టూర్చింది.

"చెప్పకూడదనుకున్నా. స్నానశాల గల్లా మీద కూర్చునే మామ్మగారు మొన్న ఆఫీసుకొచ్చారు. మీ ఇంట్లో తొట్టి చెడిపోయిందా అమ్మా, మీ నాన్నగారు మూడింటికొస్తున్నారు, మీ అమ్మగారు ఆరింటికొస్తున్నారు, ఇద్దరూ రెండోవారికి చెప్పొద్దంటున్నారు, నా వల్ల కావట్లేదు అన్నారు. నేనేమో మీ ఇద్దరి మధ్యలో ఎందుకని ఆఫీసు పక్కన జిమ్ములో షవర్ కింద నిలబడి వస్తున్నా."

"మరి మూత?" అంది ఫుమియె.

"చెంబుతో చల్లేవాణ్ణి" అన్నాడు తెత్సుజి. "కాళ్ళు చాపుకోవాలనిపించింది. అక్కడ పెద్ద తొట్టి."

ఫోను చేస్తే అకహనే గారు గంటలో వచ్చాడు. పలకల మీద అరచెయ్యి వేసి, చెవి ఆనించి, జ్వరం వచ్చిన పిల్లని చూసినట్టు చూశాడు. కంగారు లేదన్నాడు. చెక్క ఎండి ముడుచుకుంది, నీళ్ళు పోస్తూ ఉంటే తాగి ఉబ్బుతుంది, కారినా ఆపకుండా పోస్తూ ఉండాలి, రేపటికి సందులు మూసుకుంటాయన్నాడు. రోజూ మనిషి దిగాలని చెప్పాను కదా అన్నాడు. తెత్సుజి తల దించుకున్నాడు.

"మా తప్పు కూడా ఉందిలెండి" అంది ఫుమియె మర్యాదగా. "కొలత ఇచ్చేటప్పుడు ఈయన పొరపాటు పడ్డారు. ఆయనకి అందులో కాళ్ళు పట్టవు."

అకహనే గారు అర్థం కానట్టు చూశాడు. వెంట తెచ్చుకున్న సంచిలోంచి మడత కాగితం తీసి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఆయన కొలతెందుకు? దిగే మనిషి ఎత్తు నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లు అని రాశారే. కూర్చుంటే భుజం ఎత్తు కూడా రాశారు, టేపు పెట్టి కొలిచానని. ఇదిగో కింద. ఎడమ మోకాలు పూర్తిగా మడవదు, అంచు పొట్టిగా ఉండాలి అని. అంచు తగ్గించడానికి పలకలు రెండుసార్లు కోశానమ్మా నేను."

ఆ ఇంట్లో నూట నలభై ఎనిమిది సెంటీమీటర్ల మనిషి ఒక్కరే ఉన్నారు. ఎడమ మోకాలు మడవని మనిషి కూడా ఆవిడే.

ఫుమియె కాగితం వైపు చూసింది, గోడ వైపు చూసింది. వేసవి మధ్యాహ్నం కళ్ళు తెరిస్తే భుజం పక్కన టేపు పట్టుకుని దొంగలా కూర్చున్న భర్త గుర్తొచ్చాడు.

"అల్మారా కోసమన్నారు."

"నిద్ర లేస్తావనుకోలేదు" అన్నాడు తెత్సుజి. "తడబడి ఏదో ఒకటి అనేశాను."

"చేపల కొట్లో అందరి ముందూ నవ్వించానే. అప్పుడైనా చెప్పొచ్చుగా."

"మొదటి రోజే చెప్పాను. నువ్వు అన్నాను. చేప మాడుతుందన్నావు."

ఫుమియె అక్కడే తడి నేల మీద కూర్చుండిపోయి, ముందు నవ్వింది. నవ్వు మధ్యలో ఎక్కడో ఏడుపైపోయింది. చినత్సు అకహనే గారికి టీ ఇస్తానని చెప్పి ఆయన్ని అవతలికి లాక్కుపోయింది.

ఆ సాయంత్రం నుంచి మర్నాడు సాయంత్రం దాకా తెత్సుజి చెంబులతో, బకెట్లతో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. కారిందల్లా తుడిచాడు, మళ్ళీ పోశాడు. సోమవారం చీకటి పడే వేళకి ఆఖరి సందు కూడా మూసుకుంది. గోడ మీద కాగితం పీకేశాడు. కొత్త కాగితం మీద ఒకే వరస రాశాడు: ఫుమియె, చినత్సు, తెత్సుజి.

ఫుమియె వంటింట్లోంచి రాలేదు. అలవాటు అంత తొందరగా పోయేది కాదు. ఆయన వెళ్ళి పొయ్యి మీద చేపని తనే తిప్పాడు, ఒకవైపు చర్మం ఊడిపోయింది. ఆమె అయ్యో అనబోయి, ఆపుకుని, తువ్వాలు తీసుకుని వెళ్ళింది.

ఒళ్ళు కడుక్కుని అంచు దాటడానికి ఎడమ కాలు ఎత్తింది. పట్టుకోవడానికి గోడ వెతుక్కోనక్కర్లేకపోయింది. కూర్చుంటే నీళ్ళు భుజాల దాకా వచ్చి ఆగాయి. చాపితే పాదాలు అవతలి పలకకి సరిగ్గా తాకాయి. అంత వేడి నీళ్ళు తన ఇంట్లో ఉంటాయని ఆమెకి ఇన్నేళ్ళూ తెలియదు. మొహం నీళ్ళతో కడుక్కుంది. అందులో కన్నీళ్ళెన్నో ఎవరికీ తెలియదు.

మసక అద్దం వెనక పొడుగాటి నీడ వచ్చి నిలబడింది.

"నీళ్ళు..." గొంతు సవరింపు. "నీళ్ళెలా ఉన్నాయి?"

"బావున్నాయి" అంది ఫుమియె. ఇన్నేళ్ళూ అడిగిన ముక్క కాకుండా జవాబు ముక్క తను చెప్పినందుకు ఆమెకే వింతగా అనిపించింది.

రెండు నిమిషాలకి మళ్ళీ అడిగాడు. ఇంకో నిమిషానికి మళ్ళీ అడిగాడు. అవతల చేప సంగతి చూడమని ఆమె కసిరాక వెళ్ళాడు.

ఆమె తరవాత చినత్సు దిగింది, తీరిగ్గా ముప్పావు గంట. అందరి భోజనాలయ్యాక, గిన్నెలు కడిగి తెత్సుజి దిగాడు. మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చున్నాడు. చాలాసేపటిదాకా లోపల చప్పుడు లేదు. ఫుమియె తలుపు దగ్గరికి వచ్చింది.

"నీళ్ళెలా ఉన్నాయండీ?"

లోపల నీళ్ళు ఒకసారి కదిలాయి.

"ముప్పై తొమ్మిదేళ్ళూ ఇలాగే ఉండేవా?"

"చలి ఎక్కువైతే ఇంకాస్త చల్లగా" అంది ఫుమియె.

ఆమె వంటింట్లోకి వెళ్ళి, పెద్ద కెటిల్‌లో నీళ్ళు పొంగే దాకా కాచి, మసక అద్దాల తలుపు తీసి, "కాళ్ళు పక్కకి జరపండి" అంది.