నీళ్లు దిగని బట్ట

కోపంలో ఉన్నప్పుడు ఫోన్ ముట్టుకోవద్దని బ్యాగులమ్మాయికి వాళ్లమ్మ ఎన్నోసార్లు చెప్పింది. వింటే కదా!

'వాటర్‌ప్రూఫ్ అట! దీనికంటే జల్లెడ నయం. ఎవరూ కొనకండి' అని రివ్యూ రాసి, ఒక్క స్టార్ ఇచ్చి, ఫోన్‌ను మంచం మీదికి విసిరేసింది.

కోపం ఊరికే రాలేదు. ఇంటింటికీ తిరిగి రోగులను చూసే నర్సులు ఆమెకు వానలో తడవని బ్యాగులు పన్నెండు కుట్టమని చెప్పారు. ఉద్యోగం మానేశాక వచ్చిన మొదటి పెద్ద ఆర్డర్. సోమవారానికి ఇవ్వాలి. ఇది చెడితే ముందుగదిలోంచి కుట్టుమిషను తీసేసి మళ్లీ ఆఫీసుకు పోతానని నాన్నకు మాటిచ్చింది.

సరైన బట్ట కోసం మూడు వారాలు ఆన్‌లైన్ షాపులన్నీ గాలించింది. అన్నిట్లోనూ అవే ఫొటోలు, అవే గొప్పలు. ఒక్క షాపులో మాత్రం 'ఎండకు కాస్త వెలుస్తుంది, కుట్టేటప్పుడు జారుతుంది' అని ఉన్నదున్నట్టు రాశారు. ఆ నిజాయితీకి పడిపోయి నైలాన్ తెప్పించింది. తీరా మొదటి బ్యాగు కుట్టి కుళాయి కింద పెడితే, పరీక్షకని లోపల పెట్టిన న్యూస్‌పేపరు ముద్దయిపోయింది.

పావుగంటలో ఫోన్ మోగింది.

"మేడమ్, మీకు నైలాన్ అమ్మినవాణ్ణి. మీ రివ్యూ చూశాను."

"చూడాలనే రాశాను."

"కుట్టేముందు ముక్కలు కదలకుండా ఏం పెట్టారండీ?"

"గుండుసూదులు. ఇంకేం పెడతారు?"

అవతల ఒక నిట్టూర్పు. "ఒక ముక్క కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడండి."

చూసింది. జేబులు పెట్టాల్సిన చోట వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపించింది. గౌన్లు కుట్టే అమ్మ దగ్గర పని నేర్చుకున్న చెయ్యి మరి. నాలుగంగుళాలకో గుండుసూది గుచ్చనిదే ముక్క మిషనెక్కదు. మామూలు బట్టలో అయితే సూది తీయగానే రంధ్రం పూడిపోతుంది. పూత పూసిన నైలాన్‌లో పూడదు. ఆమె పన్నెండు బ్యాగుల ముక్కలకూ సూదులు గుచ్చి సిద్ధంగా పెట్టుకుంది.

తప్పు తనదేనని తెలిసిపోయింది. ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు.

"ముందే చెప్పొచ్చుగా!"

"మీరు గుచ్చుతారని నేను కలగన్నానా?"

"అమ్మేవాళ్లు కలలు కూడా కనాలి."

అతను నవ్వేశాడు. ఆమెకూ నవ్వొచ్చింది కానీ వినపడనివ్వలేదు. ఆ నవ్వుతోనే పంతం సగం కరిగింది. ఫోన్ పెట్టేసి రివ్యూ మార్చింది. 'తప్పు నాది. దీనికి గుండుసూదులు వాడకండి' అని రాసి ఐదు స్టార్లూ ఇచ్చింది. తర్వాత తనే ఫోన్ చేసి, మళ్లీ అంత బట్టా కావాలనీ సోమవారమే గడువనీ చెప్పింది.

"కొరియర్‌కి నాలుగు రోజులు పడుతుంది. మీ అడ్రసు చూశాను. మీరు నదికి అవతల, నేను ఇవతల. రేపు పొద్దున్నే నేనే తెస్తాను."

తెల్లారి జోరువానలో వచ్చాడు. మనిషి నిలువునా తడిశాడు. భుజం మీది బట్ట చుట్ట మాత్రం పొడిగా ఉంది.

తలుపు తీసిన అమ్మ, "ఎవరు బాబూ?" అంది.

"నైలాన్ అండీ."

"తువ్వాలు పట్రావే, పాపం నైలాన్ తడిసిపోయాడు!"

ఆ పేరే ఖాయమైపోయింది.

బట్ట ఇచ్చి వెళ్లాల్సినవాడు వెళ్లలేదు. సూదులకు బదులు పెట్టడానికి క్లిప్పులు తెచ్చాడు. కుట్ల మీద అంటించే టేపూ తెచ్చాడు. దాన్ని ఇస్త్రీపెట్టెతో అంటిస్తే మిషను సూది చేసిన రంధ్రాలు మూసుకుపోతాయట. ఆమె కుట్టింది, అతను అంటించాడు. ఆ రోజూ, శనివారమూ, ఆదివారమూ వచ్చాడు.

"ఇటు చూస్తే అటు టేపు వంకరపోతుంది" అందామె శనివారం, తలెత్తకుండానే.

"నేను చూస్తున్నానని మీరు చూడకుండా ఎలా తెలిసింది?"

ఆమె ఇంకా జోరుగా మిషను తొక్కింది. ఆ ఒక్క కుట్టే వంకరపోయింది.

ఆదివారం సాయంత్రం నాన్న తనే ఒక్కో బ్యాగూ కుళాయి కింద పట్టుకున్నాడు. పన్నెండూ అయ్యాక లోపలి పేపర్లు తీసి తడిమి చూశాడు. అన్నీ పొడిగా ఉన్నాయి.

"మిషను అక్కడే ఉండనీ" అని లోపలికి వెళ్లిపోయాడు. ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు. పక్కనే ఉన్న నైలాన్ ఏం చెయ్యాలో తోచక క్లిప్పులు లెక్కపెట్టాడు.

సోమవారం బ్యాగులు అందుకున్న పెద్ద నర్సు మంగళవారం ఫోన్ చేసి ఇంకో ముప్పై బ్యాగులు చెప్పింది. ఆ మాట అమ్మకు చెప్పేసి, ఆమె వెంటనే అతనికి ఫోన్ చేసింది.

"ముప్పై! మంచి మాట చెప్పారు" అన్నాడతను. "సైట్‌లో ఆర్డర్ పెట్టండి, పంపిస్తాను."

"పంపిస్తారా? మీరు రారా?"

"మొన్నంటే తొందర. ఇప్పుడు ఏ వంక పెట్టుకుని రాను?" అని, మళ్లీ తనే అందుకున్నాడు. "ఏ వంకా లేకుండా రావాలని ఉందండీ. మీరంటే నాకు ఇష్టం. చుట్టూ తిప్పి చెప్పడం రాదు."

ఈ మాట కోసమే ఆమె మూడు రోజులుగా ఎదురుచూస్తోంది.

"ఇక మీ దగ్గర ఆర్డర్ పెట్టను" అంది.

"కోపమొచ్చిందా?"

"సొంత మనిషి దగ్గర ఎవరైనా ఆర్డర్ పెడతారా? నీకూ కలిపి వండమని అమ్మతో చెప్పేశాను. బయలుదేరు."